డెజిమా నుంచి ఉస్మానియా దాకా: పరభాషతో ప్రపంచాన్ని చదివిన కథ

ఇంగ్లీషు వస్తే ప్రపంచం చేతికొచ్చినట్టే అన్న నమ్మకం మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇవాళ తిరుగులేనిది. పేరులో గ్లోబల్ అనో, ఇంటర్నేషనల్ అనో తగిలించుకోని ప్రైవేటు బడి కోసం వెతుక్కోవాల్సిన రోజులివి. ఆ నమ్మకంలో నిజం లేకపోలేదు. కాని అందులో రెండు వేరువేరు సంగతులు కలగలిసిపోయాయి. ఒకటి పరదేశపు భాష నేర్చుకోవడం. రెండోది పరదేశాన్ని అర్థం చేసుకుని, ఆ వెలుగులో మన ఇంటిని మళ్ళీ చూసుకోవడం. మొదటిది బాగా వచ్చి రెండోది ఏమాత్రం రానివాళ్ళు చరిత్రలో కొల్లలు. ఈ రెండింటి సంబంధం తేల్చుకోవడానికి జపాన్ చరిత్ర చాలా పనికొస్తుంది. ఆ దేశం రెండువందల ఏళ్ళలో రెండు ప్రపంచ భాషల్ని నమ్ముకుంది, మొదటిదాన్ని వదిలి రెండోదాన్ని పట్టుకుంది, ఒక దశలో సొంత భాషనే పక్కన పెడదామా అని తర్జనభర్జన పడి మానుకుంది. ఆ కిటుకేమిటో చూసి రావడానికి హైదరాబాద్ సంస్థానపు విద్యాశాఖాధిపతి 1922లో అక్కడికి వెళ్ళాడు కూడా. ఆ చరిత్ర మొత్తం కలిపి చూస్తే ఒక మాట తేలుతుంది. విద్యార్థికి ప్రపంచ దృష్టి రావాలంటే పరభాష తప్పనిసరి. కాని ఆ భాషలో చదివిన సంగతిని తన భాషలోకి తెచ్చుకుని తనవాళ్ళ ముందు పెట్టినప్పుడే ఆ దృష్టి నిలుస్తుంది.

కథ నాగసాకి రేవులో మొదలవుతుంది. 1636లో అక్కడి సముద్రంలో విసనకర్ర ఆకారంలో ఒక కృత్రిమ దీవి కట్టారు. పేరు డెజిమా. మొత్తం కలిపి నాలుగెకరాలు కూడా ఉండదు. మొదట పోర్చుగీసువాళ్ళ కోసం కట్టినా, వాళ్ళను వెళ్ళగొట్టాక 1641లో డచ్చి కంపెనీ వర్తకుల్ని తెచ్చి అందులో పెట్టారు. క్రైస్తవ మతప్రచారం మీద భయంతో షోగన్ అనే సైనిక పాలకుడి ప్రభుత్వం ఐరోపావాళ్ళందరికీ తలుపులు మూసి, ఈ ఒక్క కిటికీ మాత్రం తెరిచి ఉంచింది. డచ్చివాళ్ళు అనుమతి లేకుండా దీవి దాటకూడదు, స్థానికులు అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. మధ్యలో ఉన్నది ప్రభుత్వ జీతం మీద బతికే దుబాసీ కుటుంబాలు. తండ్రి నుంచి కొడుక్కి డచ్చి భాష వృత్తిగా సంక్రమించేది. ఇదే డచ్చి కంపెనీ అంతకు ముందే మన తీరానికీ వచ్చింది. 17వ శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో కోఠీ పెట్టింది. పాలకొల్లులో, భీమునిపట్నంలో వ్యాపారం చేసింది. మచిలీపట్నంలో వలందపాలెం, భీమిలిలో డచ్చి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మన దుబాసీలూ బేరసారాలకు కావలసినంత పరభాష నేర్చారు. కాని ఆ భాష కోఠీ గుమ్మం దాటి పుస్తకంగా మారలేదు. ఒకే కంపెనీ, ఒకే భాష, ఇంచుమించు ఒకే కాలం. ఒకచోట కళంకారీ బట్టల లెక్కలు మిగిలితే ఇంకొకచోట ఒక విద్యా సంప్రదాయమే పుట్టింది. పరభాషతో పరిచయం దానంతటదే దృష్టిని పెంచదనడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు.

తేడా ఎక్కడొచ్చిందో చూద్దాం. 1720లో షోగన్ యోషిమునె క్రైస్తవ మతంతో సంబంధం లేని పాశ్చాత్య గ్రంథాల చీనీ అనువాదాల మీద నిషేధాన్ని సడలించాడు. 1740లో ఇద్దరు పండితుల్ని డచ్చి నేర్చుకోమని ఆదేశించాడు. పంచాంగం సరిచేసుకోవడం, వ్యవసాయం, వైద్యం అతని అవసరాలు. అలా భాష దుబాసీల చేతుల్లోంచి వైద్యుల చేతుల్లోకి రావడం మొదలైంది. దాని ఫలితం 1771 వసంతంలో ఎదో (నేటి టోక్యో) నగరపు కొజుకప్పారా వధ్యస్థలంలో కనిపించింది. మరణశిక్ష పడ్డ ఒక ముసలామె శవాన్ని కోయబోతున్నారని తెలిసి సుగితా గెన్‌పాకు, మాయెనో ర్యోతాకు, నకగావా జున్‌ఆన్ అనే వైద్యులు వెళ్ళారు. కుల్ముస్ అనే జర్మన్ వైద్యుడి శరీరశాస్త్ర చిత్రాల పుస్తకానికి డచ్చి అనువాదం సుగితా దగ్గరా, మాయెనో దగ్గరా చెరొక ప్రతి ఉంది. శవాన్ని కోసినవాడు అంటరానివాడిగా చూసే కులానికి చెందిన తొంభై ఏళ్ళ ముసలాయన. తనకు పేర్లు తెలియని అవయవాలు కొన్ని ప్రతి శవంలోనూ ఒకే చోట ఉంటాయనీ, ఇంతవరకు వచ్చిన వైద్యుల్లో ఒక్కరూ అవేమిటని అడగలేదనీ అతను చెప్పాడు. ఆ ముగ్గురూ డచ్చి పుస్తకంలోని బొమ్మల్ని ఎదురుగా ఉన్న దేహంతో పోల్చి చూశారు. అన్నీ సరిపోయాయి. తాము తరతరాలుగా నమ్మిన చీనీ గ్రంథాల్లోని వర్ణన సరిపోలేదు. ఇంటికి వెళ్ళే దారిలోనే ఆ పుస్తకాన్ని అనువదించాలని నిర్ణయించుకుని, మర్నాడే మాయెనో ఇంట్లో కూర్చున్నారు.

అప్పటికి వాళ్ళ భాషాజ్ఞానం ఎంత? మాయెనోకు కొన్ని వందల డచ్చి మాటలు తెలుసు. సుగితాకు అక్షరాలు కూడా పూర్తిగా రావు. నిఘంటువు లేదు, గురువు లేడు. కనుబొమలంటే కళ్ళ పైన మొలిచే వెంట్రుకలు అని చెప్పే ఒక్క వాక్యం కోసం పొడవాటి వసంతకాలపు పగలంతా గడిచిపోయిందని సుగితా ముసలితనంలో రాసుకున్నాడు. దాదాపు నాలుగేళ్ళ శ్రమ, పదకొండు చిత్తుప్రతులు. 1774లో ఆ అనువాదం 'కైతాయ్ షిన్షో' పేరుతో అచ్చయింది. దాన్ని నాటి పండితుల చీనీ శైలిలో రాశారు. ఆ శైలి దేశంలోని ప్రతి చదువుకున్న వైద్యుడికీ వచ్చు. ఆ ఒక్క పుస్తకంతో డచ్చి విద్య అనే సంప్రదాయం నిలదొక్కుకుంది. తర్వాత షిజుకి తదావో అనే నాగసాకి దుబాసీ న్యూటన్ భౌతికశాస్త్రాన్ని డచ్చి మార్గాన తన భాషలోకి తెచ్చాడు. గమనించాల్సిన సంగతేమంటే, ఆ ముగ్గురు వైద్యుల్లో ఎవరూ డచ్చివాడితో ధారాళంగా మాట్లాడగలిగినవాళ్ళు కారు. నాగసాకిలో తరతరాలుగా ధారాళంగా మాట్లాడిన దుబాసీలు మాత్రం నూరేళ్ళ పాటు ఇలాంటి పుస్తకాన్ని అచ్చులోకి తేలేకపోయారు. మాట్లాడటం వాళ్ళ ఉద్యోగం. ప్రశ్నించడం ఈ వైద్యుల అవసరం. ఇక్కడే ప్రపంచ దృష్టి అనేదానికి ఒక నిర్వచనం దొరుకుతుంది. తన గ్రంథం తప్పు, పరాయివాడి గ్రంథం ఒప్పు కావచ్చునని కళ్ళారా చూసి ఒప్పుకోగలగడం, ఒప్పుకున్నదాన్ని తన తోటివాళ్ళకు తెలియజెప్పడం.

ఈ సంప్రదాయంలో విద్యార్థి జీవితం ఎలా ఉండేదో ఒసాకాలోని తెకిజుకు బడి చెబుతుంది. ఒగాతా కోఆన్ అనే వైద్యుడు 1838లో పెట్టిన బడి అది. డెజిమా కోఠీ అధిపతి హెండ్రిక్ డూఫ్ దుబాసీలతో కలిసి కూర్చిన డచ్చి నిఘంటువు చేతిరాత ప్రతి ఆ బడిలో ఒక్కటే ఉండేది. దానికి ప్రత్యేకంగా ఒక గది. నెలకు కొన్నిసార్లు అందరూ కూర్చుని ఒకే డచ్చి పుస్తకాన్ని వంతులవారీగా చదివి అర్థం చెప్పాలి. చెప్పలేనివాడికి మార్కు పోతుంది, తర్వాతివాడికి వంతు వస్తుంది. ఆ పరీక్ష ముందు రాత్రుళ్ళు నిఘంటువు గదిలో కుర్రాళ్ళు నిద్ర మాని గుమిగూడేవాళ్ళు. ప్రభువుల కోసం ఆ నిఘంటువుకి నకళ్ళు రాసిచ్చి ఖర్చులు వెళ్ళదీసుకునేవాళ్ళు. గురువు ఒగాతా అనువాదం గురించి ఒక సూత్రం చెప్పేవాడు: మూలం చదవలేనివాడి కోసమే అనువాదం, కాబట్టి దాన్ని కఠినమైన లిపితో నింపడం తెలివితక్కువ పని. ఆ మాట బాగా ఒంటబట్టించుకున్న శిష్యుడు 1855లో అక్కడ చేరిన ఫుకుజావా యుకిచి. ఆధునిక జపాన్ విద్యకు మూలపురుషుల్లో ఒకడని నేటికీ ఆ దేశం చెప్పుకునేది ఇతన్నే.

ఈలోగా ప్రపంచ భాషే మారిపోయింది. 1808లో ఫేటన్ అనే బ్రిటిష్ యుద్ధనౌక డచ్చి జెండా కట్టుకుని నాగసాకి రేవులోకి దూసుకొచ్చి కలకలం రేపింది. ఇంగ్లీషు రాకపోతే ముప్పని ప్రభుత్వానికి అప్పుడు తెలిసొచ్చింది. దుబాసీలను ఇంగ్లీషు నేర్చుకోమంది. 1814లో తొలి ఇంగ్లీషు-జపనీస్ నిఘంటువు తయారైంది. 1848లో రానల్డ్ మెక్‌డొనాల్డ్ అనే ఉత్తర అమెరికావాడు, సగం చినూక్ తెగవాడు, కావాలనే ఒంటరిగా తీరానికి చేరి పట్టుబడ్డాడు. నాగసాకిలో అతన్ని నిర్బంధంలో ఉంచిన నెలల్లో పద్నాలుగు మంది దుబాసీలకు ఊచల వెనకనుంచే ఇంగ్లీషు నేర్పాడు. అయినా 1854లో అమెరికన్ నౌకాధిపతి పెర్రీతో సంధి చర్చలు నడవడానికి డచ్చి భాషా, చీనీ లిపీ కావాల్సి వచ్చాయి. 1859లో యోకొహామా రేవు తెరిచినప్పుడు ఫుకుజావా ఎదో నుంచి నడిచి వెళ్ళాడు. దుకాణాల మీది బోర్డులు చదవలేకపోయాడు, సీసాల మీది చీటీలు చదవలేకపోయాడు, ఎవరితోనూ మాట్లాడలేకపోయాడు. చివరికి డచ్చి తెలిసిన ఒక జర్మన్ దుకాణదారు దొరికితే కాగితం మీద రాసి సంభాషించాడు. ఏళ్ళ తరబడి ప్రాణం పెట్టి నేర్చిన భాష ఆ వీధుల్లో చెల్లలేదు. మర్నాడే ఇంగ్లీషు మొదలుపెట్టాడు. డచ్చి వృథా అయిందా అంటే కాలేదు. పరాయి గ్రంథాన్ని పట్టుకుని, మాట మాటనూ విడదీసి, తన భాషలో తిరిగి కట్టే పద్ధతి అతనికి అప్పటికే చేతనయింది. ఆ పద్ధతి ఏ భాషకైనా పనికొచ్చింది. ఒక భాష ప్రపంచ భాషగా ఎన్నాళ్ళుంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. చదివే పద్ధతి మాత్రం భాష మారినా చెక్కుచెదరదు.

1860లో కన్రిన్ మారు నౌక మీద అమెరికా, 1862లో ఐరోపా చూసివచ్చిన ఫుకుజావా 1866లో 'సెయియో జిజో' మొదటి భాగం ప్రచురించాడు. అందులో పార్లమెంటు ఎలా పనిచేస్తుంది, ఆసుపత్రి ఖర్చు ఎవరు భరిస్తారు, తపాలా ఎలా నడుస్తుంది, పేదలకు బడి ఎలా ఉంటుంది వంటి సంగతులున్నాయి. ఆవిరి యంత్రాల వంటి శాస్త్ర విషయాలు పుస్తకాల్లో దొరుకుతాయి గనుక, అక్కడివాళ్ళకు మరీ మామూలై పుస్తకాల్లోకెక్కని వ్యవస్థల గురించే అతను ఎక్కువగా అడిగి రాసుకున్నాడు. అనుమతితో అచ్చయిన ప్రతులే లక్షన్నర అమ్ముడయ్యాయని అతనే లెక్క చెప్పాడు. దొంగ ముద్రణలు వేరే. 1871 డిసెంబరులో ఇవాకురా నాయకత్వంలో బయల్దేరిన ప్రభుత్వ బృందం దాదాపు రెండేళ్ళు అమెరికా, ఐరోపా తిరిగింది. ఆ యాత్ర వివరాలను కుమె కునితాకె అయిదు సంపుటాల్లో దేశం ముందు పెట్టాడు. విదేశయాత్ర చేసినవాడు చూసినది తిరిగివచ్చి చెప్పాలన్న బాధ్యతను ఆ ప్రభుత్వం మొదటినుంచీ గుర్తించింది. ఆ బృందంతో అమెరికాలో చదువుకోవడానికి అయిదుగురు ఆడపిల్లలూ వెళ్ళారు. వాళ్ళలో అందరికంటే చిన్నది, ఆరేళ్ళ త్సుదా ఉమెకో, పదకొండేళ్ళ తర్వాత తిరిగొచ్చేసరికి మాతృభాష మరిచిపోయింది. దాన్ని మళ్ళీ నేర్చుకుని, 1900లో ఆడపిల్లలకు ఇంగ్లీషు నేర్పే కళాశాల పెట్టింది.

సరిగ్గా ఆ ప్రభుత్వ బృందం యాత్రలో ఉండగానే అసలు చర్చ వచ్చింది. వాషింగ్టన్‌లో జపాన్ ప్రతినిధిగా ఉన్న మోరి అరినోరి అనే పాతికేళ్ళ యువకుడు 1872లో యేల్ విశ్వవిద్యాలయపు భాషాపండితుడు విలియం డ్వైట్ విట్నీకి ఒక లేఖ రాశాడు. జపనీస్ భాష తమ దీవులు దాటి పనికిరాదు, వాణిజ్య ప్రపంచంలో నిలబడాలంటే తమ ప్రజలు ఇంగ్లీషునే, అదీ నియమాలు సరళం చేసిన ఇంగ్లీషును, పట్టుకోవాలన్నది అతని ఆలోచన. ఇవాళ మన దగ్గర వినిపించే వాదమే అది. దానికి బదులిచ్చిన విట్నీ సంస్కృత వ్యాకరణంలో దిట్ట. ఇంగ్లీషు మాతృభాషగా గల ఆ పండితుడే ఆ పని వద్దన్నాడు. ఒక జాతి మొత్తానికి పరభాషలో చదువు చెప్పాలంటే తరాలు పడుతుంది, ఈలోగా పరభాష వచ్చిన కొద్దిమందీ, రాని జనసామాన్యమూ రెండుగా చీలిపోతారు, ప్రజలను పైకి తేవాలంటే ప్రధానంగా వాళ్ళ మాటలోనే తేవాలి అని చెప్పాడు. లండన్‌లో చదువుకుంటున్న బాబా తత్సుయి 1873లో జపనీస్ భాషకు ఇంగ్లీషులో వ్యాకరణం రాసి, దాని పీఠికలోనే మోరికి జవాబిచ్చాడు. పొద్దస్తమానం పనిచేసుకునే పేదవాడికి పరభాష నేర్చే తీరిక ఎక్కడిది, తీరిక ఉన్నవాడికే దేశపు వ్యవహారాలన్నీ దక్కుతాయి గదా అన్నది అతని ప్రశ్న. మాతృభాష పక్షాన మాట్లాడిన వీళ్ళిద్దరిలో ఎవరూ ప్రాచీన వైభవం గురించి గాని, సంస్కృతీ పవిత్రత గురించి గాని వాదించలేదు. వాళ్ళు అడిగింది న్యాయం గురించి.

అలాగని జపాన్ వెంటనే మాతృభాషలోకి దూకలేదు. 1877లో ఏర్పడ్డ టోక్యో విశ్వవిద్యాలయంలో తొలి ఆచార్యులు చాలామంది విదేశీయులు. పాఠాలు ఇంగ్లీషులోనో, వైద్యమైతే జర్మన్‌లోనో నడిచాయి. ప్రభుత్వం ఆ విదేశీయులకు పెద్ద జీతాలిచ్చింది, కాని వాళ్ళను తాత్కాలిక అవసరంగానే చూసింది. వాళ్ళ శిష్యులు విదేశాలకు వెళ్ళి వచ్చి వాళ్ళ కుర్చీల్లో కూర్చున్నారు, పారిభాషిక పదకోశాలు తయారుచేశారు, 1880ల నుంచి బోధన క్రమంగా జపనీస్‌లోకి మారింది. ఆ మార్పుకి ఒక ధర ఉంది. నవలాకారుడు నత్సుమే సోసెకి లండన్‌లో చదివి వచ్చి టోక్యోలో ఇంగ్లీషు సాహిత్యం బోధించినవాడు. విద్యార్థుల ఇంగ్లీషు దిగజారిందన్న ఫిర్యాదుకి అతను 1911లో రాసిన సమాధానం మనం తప్పక చదవాల్సింది. అన్ని పాఠాలూ ఇంగ్లీషులో నడిచిన తమ తరానికి ఆ భాష బాగా రావడం సహజం, చదువు సొంత భాషలోకి వచ్చాక అది తగ్గడమూ సహజం, ఆ తగ్గుదల దేశ విద్య ఎదిగిందనడానికి గుర్తు అన్నాడు. అన్ని శాస్త్రాలూ ఇంగ్లీషులోనే నేర్చుకోవాల్సిన పరిస్థితిని చెప్పడానికి అతను తీసుకున్న ఉపమానం బ్రిటిష్ పాలనలోని ఇండియా. మన గురించి బయటి మేధావి ఒకడు అంత సూటిగా అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. జపాన్ గొంతును ప్రపంచానికి వినిపించినవాళ్ళెవరు? ఇంగ్లీషులో 'బుషిదో' అనే పుస్తకం రాసి, 1920 నుంచి 1926 దాకా నానాజాతి సమితిలో ఉప ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన నితోబె ఇనాజో. కలకత్తా వచ్చి వివేకానందుణ్ణీ, రవీంద్రుణ్ణీ కలిసి, తర్వాత 'ద బుక్ ఆఫ్ టీ' రాసిన ఒకాకురా కకుజో. వీళ్ళిద్దరూ పాఠాలు ఇంగ్లీషులో నడిచిన ఆ తొలి తరంవాళ్ళే. బోధన జపనీస్‌లోకి మారాక అలాంటివాళ్ళు అరుదయ్యారు, ఈనాటికీ ఇంగ్లీషులో తడబడటం ఆ దేశానికి పేరుపడ్డ బలహీనత. ఈ వాదం నిజమే, దాన్ని తోసిపుచ్చలేం. అయితే రెండు పనుల్ని విడదీసి చూడాలి. ప్రపంచానికి తనను చెప్పుకోవడం కొద్దిమంది బాగా చేస్తే చాలిన పని. ప్రపంచాన్ని తెలుసుకోవడం అందరూ చేయాల్సిన పని. నితోబె వంటివాళ్ళు మొదటి పని అద్భుతంగా చేశారు. రెండో పని చేసింది ఊరూరా అచ్చై అమ్ముడైన అనువాదాలు, జపనీస్‌లో కొత్త శాస్త్రం చదివిన బడిపంతుళ్ళు, పత్రికలు. ఒక దేశానికి రెండూ కావాలి. కాని మొదటిదాని కోసం రెండోదాన్ని బలిపెడితే మిగిలేది నలుగురు వక్తలు, కోట్లమంది ప్రేక్షకులు.

ఇంతకంటే లోతైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. ప్రపంచాన్ని అంత శ్రద్ధగా చదివిన దేశం ప్రపంచంతో ఎలా ప్రవర్తించింది? 1895లో తైవాన్‌ను, 1910లో కొరియాను మింగింది. 1930ల చివరి నుంచి కొరియా బడుల్లో కొరియన్ భాషకే చోటు లేకుండా చేస్తూ పోయింది. తాను ఇంగ్లీషుకి లొంగకూడదనుకున్న దేశమే పక్కవాడి నోట తన భాషను కుక్కింది. యుద్ధం వచ్చాక ఇంగ్లీషును శత్రుభాష అని వెలివేసింది. ఆ విత్తనం ముందే పడింది. ఫుకుజావా నడిపిన 'జిజి షింపో' పత్రికలో 1885లో వచ్చిన ఒక సంపాదకీయం, వెనకబడ్డ చైనా కొరియాల సావాసం వదిలి నాగరిక పాశ్చాత్య దేశాలతో నడవాలని బోధించింది. అంటే ఆ తరం ప్రపంచమని చూసింది తనకంటే బలవంతులైన నాలుగైదు దేశాలను. సొంత భాషలో చదివినంత మాత్రాన దృష్టి విశాలమవుతుందని ఈ చరిత్ర చెప్పదు. ఏ భాషలో చదివామన్నదానితో పాటు ఎవరి గురించి చదివామన్నదీ లెక్కకొస్తుంది. అమెరికా కాలేజీల ర్యాంకులు తెలిసి, ఒడియా రచయిత ఒక్కరి పేరు తెలియని మన విద్యార్థికీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

ఇక హైదరాబాద్ సంగతి. సంస్థానపు ఉన్నతాధికారి అక్బర్ హైదరీ చొరవతో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రభుత్వం 1917లో ఉర్దూ బోధనాభాషగా విశ్వవిద్యాలయం పెట్టాలని నిర్ణయించింది. అదే ఏడు అనువాద సంస్థ ఏర్పడింది. 1918లో ఉస్మానియా స్థాపన, 1919లో తరగతులు. తర్వాత 1922లో విద్యాశాఖాధిపతి రాస్ మసూద్ జపాన్ వెళ్ళి అక్కడి బడులు, కళాశాలలు చూసి, మరుసటి సంవత్సరం జపాన్ విద్యావిధానం మీద ఇంగ్లీషులో ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనవడైన ఈ మసూద్‌కే ఇ.ఎం. ఫార్‌స్టర్ తన 'ఎ పాసేజ్ టు ఇండియా' నవలను అంకితమిచ్చాడు. ఉస్మానియాలో శాస్త్రాలు, చట్టం, వైద్యం ఉర్దూలో నడిచాయి. ఇంగ్లీషు ప్రతి విద్యార్థికీ తప్పనిసరి పాఠ్యాంశంగా ఉండేది. అలా చదివితే ప్రపంచంలో చెల్లుతారా అన్న సందేహానికి రజియుద్దీన్ సిద్దీఖీ జీవితం జవాబు. ఉస్మానియాలో ఉర్దూలో గణితం చదివి, కేంబ్రిడ్జి వెళ్ళి, లీప్‌జిగ్‌లో హైజెన్‌బర్గ్ దగ్గర డాక్టరేటు చేసి, తిరిగొచ్చి తన విశ్వవిద్యాలయంలోనే పాఠాలు చెప్పాడాయన. కాని ఈ ప్రయోగంలో ఒక మూలదోషం ఉంది. సంస్థానంలో దాదాపు సగం మంది మాట తెలుగు, మిగిలినవారిలో ఎక్కువమందిది మరాఠీ, కన్నడం. ఉర్దూ ఇంటి భాషగా ఉన్నది సుమారు పదింట ఒకరికి. జపాన్‌లో బోధనాభాష జనం భాష. ఇక్కడ పాలకుల భాష. వరంగల్ నుంచి వచ్చిన తెలుగు కుర్రాడికి ఉర్దూ ఒక పరభాష, ఇంగ్లీషు ఇంకొక పరభాష. అందుకే 1948 తర్వాత ఆ కట్టడం కూలి ఇంగ్లీషు వచ్చినప్పుడు, తెలుగు జనంలో దానికోసం పెద్దగా కన్నీరు కార్చినవాళ్ళు లేరు. అనువాద సంస్థ దశాబ్దాల శ్రమ అలమారాల్లో ఉండిపోయింది. మసూద్ చూసివచ్చిన పాఠం తప్పు కాదు. దాన్ని అన్వయించిన చోటు తప్పు.

ఆ పాఠాన్ని సరైన చోట అన్వయించిన ప్రయత్నం అదే హైదరాబాద్‌లో, అంతకు ముందే, ఏ ప్రభుత్వ ఖజానా అండా లేకుండా జరిగింది. 1906లో కొమర్రాజు వెంకట లక్ష్మణరావు మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టాడు. మహారాష్ట్ర ప్రాంతంలో చదువుకుని మరాఠీ, ఇంగ్లీషు గ్రంథాల్లో తలమునకలైనవాడు ఆయన. మండలి తెలుగులో అబ్రహాం లింకన్ చరిత్ర వేసింది, దేశచరిత్రలు వేసింది, ప్రకృతి శాస్త్రాలు వేసింది. ఆయన తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం 1923లో ఆయన మరణంతో మధ్యలో ఆగింది. సుగితా, ఫుకుజావా చేసిన పనే ఇది. అక్కడ దానికి రాజ్యం తోడు నిలిచింది, ఇక్కడ దాతల చందాలు నిలిచాయి. ఫలితంలో కనిపించే తేడా అదే.

ఈనాటి చర్చలో అసలైన అభ్యంతరం భాషాభిమానుల నుంచి రాదు, ఇంగ్లీషు కావాలంటున్న పేద కుటుంబాల నుంచి వస్తుంది. ఉన్నవాళ్ళు తమ పిల్లల్ని ఇంగ్లీషు బడికి పంపి మాకు మాతృభాష గొప్పదనం బోధిస్తారా అని దళిత, బహుజన మేధావులు అడిగిన ప్రశ్నకు నీళ్ళు నమలకుండా జవాబు చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ప్రభుత్వ బడులను ఇంగ్లీషు మీడియంలోకి మార్చే ఉత్తర్వు ఇస్తే 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తెలంగాణ 2022-23 నుంచి తన ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టింది. రెండు చోట్లా తల్లిదండ్రుల కోరిక బలమైనదే, న్యాయమైనదే. ఇంగ్లీషు ప్రతి బిడ్డకూ రావాలి, బాగా రావాలి. కాని బాబా తత్సుయి వాదం కూడా ఈ తల్లిదండ్రుల పక్షానిదే. కోర్టు, ఆసుపత్రి, బ్యాంకు, పరిశోధన అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నంతకాలం ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన బిడ్డ వెనకే ఉంటుంది. ఆ బిడ్డకు బడిలో ఇంగ్లీషు పెంచడం ఒక న్యాయం, జ్ఞానాన్ని తెలుగులోకి దించడం ఇంకొక న్యాయం. ఒకదాన్ని చూపి రెండోదాన్ని ఎగ్గొట్టడానికి వీల్లేదు. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉండేలా రెండు రాష్ట్రాలూ ద్విభాషా పాఠ్యపుస్తకాలు అచ్చు వేశాయి. ఆ పుస్తకాన్ని సరిగా వాడుకునే ఉపాధ్యాయుడి చేతిలో ఈ రెండు న్యాయాలూ ఒకేచోట కలుస్తాయి. తెకిజుకు పద్ధతిలో ఒక పిల్లవాడు ఇంగ్లీషు పేజీ చదివి తెలుగులో అర్థం చెప్పాలి, చెప్పలేకపోతే పక్కవాడు అందుకోవాలి. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు.

కాబట్టి మన పిల్లలకు ప్రపంచ దృష్టి కావాలనుకునేవాళ్ళు ఇకమీద బడిని వేరే ప్రశ్న అడగాలి. మా అబ్బాయి ఇంగ్లీషులో ఎంత బాగా మాట్లాడుతున్నాడు అన్నదానితో ఆగకుండా, ఇంగ్లీషులో చదివినదాన్ని ఇంటికొచ్చి వాళ్ళ నాయనమ్మకు తెలుగులో చెప్పగలుగుతున్నాడా అని అడగాలి. విశ్వవిద్యాలయాలు పరిశోధన వ్యాసానికిచ్చే విలువను ఒక మంచి శాస్త్ర గ్రంథపు తెలుగు అనువాదానికీ ఇవ్వాలి. రెండు ప్రభుత్వాలూ కలిసి ఏటా కొన్ని వందల పుస్తకాలను, ఇంగ్లీషు నుంచే కాకుండా తమిళం, ఒడియా, మరాఠీ, బెంగాలీల నుంచీ, చైనా జపాన్ భాషల నుంచీ తెలుగులోకి తెప్పించడానికి అనువాదకులకు జీతాలివ్వాలి. ఫుకుజావా యోకొహామాలో చూసినట్టే రేపు ఇంగ్లీషు స్థానం కదిలితే కదలనివ్వండి. చదివి, ప్రశ్నించి, తన భాషలో తిరిగి చెప్పడం నేర్చిన విద్యార్థి మర్నాడే కొత్త భాష మొదలుపెట్టగలడు.